కొండ మీద పళ్ళు పండితే ఎలుగు ఊళ్లోకి రాదా?

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి ఉత్తరానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, కొంటా, సుక్మా, జగదల్‌పూర్ మీదుగా బస్తర్ ప్రాంతాన్ని నిలువునా దాటుతుంది. కేశ్‌కాల్ ఘాట్ దిగిన తర్వాత వచ్చే పెద్ద పట్టణం కాంకేర్. 1998లో పాత బస్తర్ జిల్లాను విడదీసినప్పుడు ఏర్పడిన ఉత్తర బస్తర్ కాంకేర్ జిల్లాకు ఇదే కేంద్రం. పట్టణం చుట్టూ బండరాళ్ళ గుట్టలు ఉంటాయి. ఆ బండల మధ్య గుహల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. చీకటి పడ్డాక అవి గుట్ట దిగి వీధుల్లోకి, పెరళ్ళలోకి, గుడి ఆవరణల్లోకి రావడం కాంకేర్ వాసులకు కొత్త సంగతేమీ కాదు.

ఈ రాకపోకలు ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. 2025 జనవరిలో ఇదే జిల్లాలోని కోరర్ అటవీ ప్రాంతంలో ఎలుగుబంటి దాడిలో ఇద్దరు చనిపోయారు. ఆదుకోవడానికి వెళ్ళిన అటవీ సిబ్బంది మీద కూడా అది విరుచుకుపడింది. ఎలుగు దాడి నుంచి బతికి బయటపడినవారిలో చాలామందికి ముఖం, తల, చేతుల మీద జీవితాంతం మానని గాయాలు మిగులుతాయి.

దీనికి ఛత్తీస్‌గఢ్ అటవీ శాఖ ఎంచుకున్న ఒక పరిష్కారం మొక్కలు నాటడం. రామాయణంలోని జాంబవంతుడి పేరు మీద ‘జామ్‌వంత్’ అనే పథకం పెట్టి, ఎలుగుబంట్లు ఉండే గుట్టల మీద పళ్ళ చెట్లు పెంచాలని, నీటి వసతి కల్పించాలని తలపెట్టారు. కొండ మీదే కడుపు నిండితే ఎలుగు ఊళ్లోకి దిగదన్నది దీని వెనకున్న ఆలోచన. వినడానికి ఇది చాలా సబబుగా ఉంది. కానీ పథకం వచ్చి ఏళ్ళు గడిచినా కాంకేర్ వీధుల్లో ఎలుగులు కనిపించడం ఆగలేదు. ఆలోచనలోనే లోపం ఉందా? లేక ఆ ఆలోచన ఫలించడానికి మొక్కలతో పాటు ఇంకేమైనా కావాలా? ఇది తేలాలంటే ముందు ఆ జంతువు ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో, ఎందుకు కొండ దిగుతుందో చూడాలి.

చెదలు పీల్చే ముక్కు

మన దేశంలో నాలుగు రకాల ఎలుగుబంట్లున్నాయి. వాటిలో బస్తర్‌లోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించేది ఒక్కటే. ఇంగ్లిష్‌లో దీన్ని స్లాత్ బేర్ అంటారు, శాస్త్రీయ నామం మెలర్సస్ అర్సినస్. 1791లో జార్జ్ షా అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీని పొడవాటి గోళ్ళను చూసి, దక్షిణ అమెరికాలో కొమ్మలకు వేలాడే స్లాత్ అనే జంతువుకు ఇది బంధువని పొరబడ్డాడు. ఆ పొరపాటు తర్వాత తేలిపోయింది కానీ పేరు మాత్రం ఉండిపోయింది.

ఈ ఎలుగు శరీరం చీమల్నీ చెదల్నీ తినడానికి తగినట్టుగా ఉంటుంది. పొడవాటి వంపు గోళ్ళు గట్టి పుట్టను తవ్వడానికి పనికొస్తాయి. పై వరసలో నడిమి రెండు పళ్ళు ఉండవు. పెదవులను గొట్టంలా ముందుకు చాచగలదు. పుట్టను బద్దలుకొట్టి, మట్టిని ఊది, ముక్కు రంధ్రాలు మూసుకుని, పళ్ళ సందులోంచి చెదలను గట్టిగా పీల్చుకుంటుంది. రాత్రివేళ ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

పురుగుల తర్వాత దీనికి ఇష్టమైనవి పళ్ళు, పూలు, తేనె. పులి, చిరుతల్లా వేటాడదు. దాని వాసన శక్తి చాలా గొప్పది. చూపు, వినికిడి అంత చురుకైనవి కావు. తిండిలో మునిగి ఉన్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించకపోవచ్చు. గమనించిన క్షణంలో పారిపోవడానికి బదులు ఎదురుదాడికి దిగుతుంది. పులులున్న అడవుల్లో ఎదిరించి బతికిన జాతి కావడం వల్లే దానికి ఈ స్వభావం వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తారు. కాబట్టి చాలా దాడుల వెనక ఆకలి గానీ పగ గానీ ఉండదు. ఉన్నట్టుండి ఎదురుపడడం వల్ల పుట్టిన భయమే ఉంటుంది. పిల్లలను వీపు మీద మోసుకు తిరిగే తల్లి ఎలుగు విషయంలో ఈ భయం మరింత ఎక్కువ.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఈ ఎలుగు ఉంది. అంటే దానికి చట్టం ఇచ్చే రక్షణ పులికి ఇచ్చేదానితో సమానం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. దీన్ని చంపడం పరిష్కారం కాదు. పట్టి వేరే అడవిలో వదిలినా, అది ఖాళీ చేసిన గుహలోకి మరో ఎలుగు చేరవచ్చు. అందుకే చూపు మొక్కల వైపు మళ్ళింది.

దాడులు ఎక్కడ, ఎప్పుడు?

ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు ఐదేళ్ళలో ఆ రాష్ట్రంలో 735 మంది ఎలుగు దాడులకు గురయ్యారని, వారిలో 48 మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆ తర్వాత ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో భారతీయ వన్యప్రాణి సంస్థ పరిశోధకులు మరింత నిశితంగా పరిశీలించారు. 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబర్ వరకు అక్కడ 137 దాడులు జరిగాయి. 11 మంది ప్రాణాలు పోయాయి.

ఈ లెక్కల్లో రెండు విషయాలు మొక్కలు నాటేవారికి ముఖ్యం. ఒకటి, దాడుల్లో సగానికి పైగా దట్టమైన అడవి నడుమ జరగలేదు. ఇంటి పెరళ్ళలో, పంట పొలాల్లో, వాటిని ఆనుకున్న అడవి అంచున జరిగాయి. రెండు, దాడులు ఎక్కువగా జరిగింది వానాకాలంలో. అడవి పచ్చగా కళకళలాడే రోజుల్లోనే ఎలుగు ఊరి వైపు ఎందుకు వస్తుంది? దీనికి జవాబు పళ్ళ చెట్ల నెలల లెక్కలో ఉంది.

పన్నెండు నెలల తిండి

బస్తర్ అడవుల్లో ఎలుగుకు మంచి రోజులు వేసవిలో వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పూలు రాలతాయి. చక్కెరతో నిండిన ఆ పూలకోసం ఎలుగు తెల్లవారకముందే చెట్టు కిందికి చేరుతుంది. ఆ వెంటనే తునికి పళ్ళు, మొర్రి పళ్ళు, మే నెలలో అడవి మామిడి, జూన్, జూలైలో నేరేడు వస్తాయి. నేరేడుతో ఈ విందు దాదాపు ముగుస్తుంది.

ఆగస్టు నుంచి అడవిలో పళ్ళు తగ్గిపోతాయి. అదే సమయంలో ఇళ్ళ వెనక పెరళ్ళలో మొక్కజొన్న కంకులు పాలుపోసుకుంటాయి. ఇంకొన్నాళ్ళకు వేరుశనగ ఊరుతుంది. బిలాస్‌పూర్ ఎలుగుల మలాన్ని పరీక్షించినప్పుడు చీమలు, చెదలు, మేడి జాతి పళ్ళు, ఇప్ప, రేగులతో పాటు మొక్కజొన్న, వేరుశనగల ఆనవాళ్ళు కూడా దొరికాయి. వానలకు పొదలు ఏపుగా పెరిగి మనిషికీ ఎలుగుకూ మధ్య చూపు ఆనదు. తిండి ఊరి దగ్గర ఉండడం, పొదల చాటున ఒకరికొకరు కనిపించకపోవడం ఒకేసారి జరుగుతాయి కాబట్టే వానాకాలం ప్రమాదకరమవుతుంది.

చలికాలం మొదట్లో మళ్ళీ తిండికి కరువు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రేగు పళ్ళు కొంత ఆదుకుంటాయి. ఇదే కాలంలో ఆడ ఎలుగులు గుహల్లో పిల్లలను కంటాయి.

ఈ లెక్క చూస్తే నాటాల్సినవేవో తేలుతుంది. పళ్ళ చెట్లనగానే మామిడి, జామ, నేరేడు మొక్కలు గుర్తుకు రావడం సహజం. కానీ వేసవిలో పండే చెట్లు ఎన్ని నాటినా ఆగస్టులో ఎలుగు కడుపు నిండదు. కొండ మీద తిండి కొరవడే నెలల్లో పండేవి కావాలి. ఆ పనికి తగినవి మేడి, జువ్వి, రావి, మర్రి వంటి చెట్లు. ఈ జాతి చెట్లన్నీ ఒకేసారి పండవు. ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కాయడం వల్ల, తగినన్ని ఉంటే ఏడాదిలో ఏ నెలలోనైనా ఏదో ఒక చెట్టు కింద పళ్ళు దొరుకుతాయి. వీటిలో చాలావాటిని కొమ్మలు నాటి కూడా పెంచవచ్చు. చలికాలానికి రేగు ఉంది.

మనిషికీ ఎలుగుకూ ఒకటే పంట

మేడి, జువ్విలకు మరో అనుకూలత ఉంది. వాటి పళ్ళ కోసం మనుషులు పెద్దగా పోటీ పడరు. ఇప్ప సంగతి అలా కాదు. బస్తర్ గోండు, హల్బా కుటుంబాలకు ఇప్ప పువ్వు తిండి, పానీయం, సంతలో నగదు కూడా. వేసవిలో తునికాకు, మొర్రి గింజల సేకరణ కూడా వారి ఏడాది ఆదాయంలో పెద్ద భాగం. తెల్లవారుజామున రాలిన పూలు ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఎలుగు వచ్చే వేళా అదే. బుట్ట పట్టుకుని వంగి పూలు ఏరే మనిషీ, తల దించుకుని తినే ఎలుగూ ఒకే చెట్టు కింద ఎదురుపడే ప్రమాదం ఇక్కడే పుడుతుంది. ఏరేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ.

అందుకే ఊరి వాళ్ళు ఏరుకునే పళ్ళనే ఎలుగుల కోసమని కొండ మీద నాటితే, పండిన రోజు వాటి కోసం మనుషులూ కొండెక్కుతారు. అప్పుడు ఘర్షణ ఊరి నుంచి కొండకు మారుతుంది తప్ప తగ్గదు. నాటడానికి ముందే ఏ చెట్టు ఎవరిదో ఊరి వాళ్ళతో మాట్లాడుకోవడం ఈ పనిలో భాగం. ఇంటికి దగ్గరగా, చుట్టూ పొదలు లేని చోట ఊరి వాళ్ళకు ఇప్ప చెట్లు, దూరంగా ఎలుగుకు మేడి చెట్లు అని విడదీసుకోవడం ఒక మార్గం.

చెట్టు కాయడానికి పట్టే కాలం కూడా లెక్కలోకి రావాలి. రేగు మూడు నాలుగేళ్ళలో కాయవచ్చు. గింజ నుంచి పెరిగిన నేరేడుకు ఎనిమిది నుంచి పదేళ్ళు కావాలి. ఇప్పకూ దాదాపు అంతే. బండల మధ్య మట్టి పలచగా ఉండే గుట్ట మీద ఇంకా ఎక్కువ పట్టవచ్చు. మొదటి మూడు నాలుగు వేసవులు మొక్క బతకడమే కష్టం. నీళ్ళు ఉండవు, పశువులు మేస్తాయి, వేసవి మంటలు అంటుకుంటాయి. జులైలో వేల మొక్కలు నాటి ఫొటోలు తీసుకుని, మరుసటి మే నెలలో వాటిలో ఎన్ని బతికున్నాయో లెక్కించకపోతే, పదేళ్ళ తర్వాత కొండ మీద పండు ఉండదు, ఎలుగు దిగడమూ ఆగదు. ఒక అటవీ అధికారి బదిలీ మీద వెళ్ళేలోపు ఫలితం చూపించే పని ఇది కాదు. పదేళ్ళ పాటు ఎవరో ఒకరు పట్టుకుని ఉండాల్సిన పని.

ఎక్కడ నాటాలన్నదే అసలు ప్రశ్న

నాటిన చెట్టు ఘర్షణను పెంచగలదు కూడా. దీనికి తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరు పొందింది. అక్కడ తోటలు ఇళ్ళను చుట్టుకుని దట్టంగా ఉంటాయి. ఎలుగుకు జీడిపళ్ళు, పనసపళ్ళు ఇష్టం. జీడి తోటల చిక్కటి నీడ పగలు దాక్కోవడానికి అనువు. ఎలుగుల కోసం ఎవరూ ఆ తోటలు వేయలేదు. అయినా తిండి, నీడ రెండూ ఇళ్ళ పక్కనే దొరికే ఏర్పాటు అక్కడ తనంతట తానే జరిగిపోయింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు ఒక రైతును చంపింది. మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. మత్తుమందు ఇచ్చి పట్టిన ఆ ఎలుగు కూడా ఆ తర్వాత చనిపోయింది.

ఉద్దానం చెప్పే పాఠం కాంకేర్‌కు సూటిగా వర్తిస్తుంది. పట్టణం వైపు ఉన్న గుట్ట వాలు మీద, మొక్కలకు నీళ్ళు పోయడం తేలికని, రోడ్డు దగ్గరని పళ్ళ చెట్లు నాటితే, అవి ఎలుగును పట్టణం అంచుకు పిలిచే ఎరలవుతాయి. అక్కడి నుంచి చెత్తకుండీ వాసన తగిలే దూరం ఎంతో ఉండదు. నాటాల్సింది గుట్టకు అవతలి వాలు మీద, అడవి వైపు. ఆ నాటిన చోటుకూ గుహలకూ మధ్య ఎలుగు నడిచే దారి ఊరిని తాకకూడదు. వేసవికి నీటి గుంట కూడా ఆ వైపే ఉండాలి. కొండ అవతల తిండి ఉండి, నీళ్ళు మాత్రం పట్టణం పక్క చెరువులోనే ఉంటే ఎలుగు నీళ్ళ కోసం రాక తప్పదు.

గుట్టలు, గుహలు, అడవి పళ్ళు, ఖాళీ స్థలం ఒకేచోట ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే కర్ణాటకలో హంపికి దగ్గరలోని దరోజీ అభయారణ్యం ఉంది. ప్రత్యేకించి ఎలుగుల కోసం 1994లో దాన్ని ఏర్పాటు చేశారు. కాంకేర్ గుట్టలకు ఆ సౌకర్యం లేదు. గుహల ముంగిట దాకా ఇళ్ళు పెరిగాయి. కాబట్టి కాంకేర్‌లో ఎలుగు ‘ఊళ్లోకి వస్తోంది’ అనడం సగం నిజమే. పగలు ఎలుగు దాక్కునే చోటుకు ఊరు కూడా దగ్గరైంది.

నాటలేని తిండి

మొక్కల పథకాలలో చాలాసార్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈ ఎలుగుకు ఏడాది పొడవునా అండగా నిలిచే తిండి చీమలు, చెదలు. వాటిని నర్సరీలో పెంచి నాటలేం. కానీ అవి పెరిగే వీలు కల్పించవచ్చు. చెదలకు ఎండిన ఆకు, పడిపోయిన దుంగ, పుచ్చిన మొద్దు కావాలి. వంటచెరకు కోసం ప్రతి ఎండు కట్టెనూ ఏరుకుపోయే గుట్ట మీద, ఇప్ప పూలు తేలిగ్గా కనిపించాలని చెట్టు కింద ఏటా ఆకులు తగలబెట్టే చోట చెదల ఆహారం మిగలదు. ఆ మంటలే ఇప్ప, తునికి నారు మొక్కలనూ కాల్చేస్తాయి.

చెట్టు కింద మంట పెట్టడానికి బదులు పాత చీరలో వలలో పరిచి పూలు పట్టడం, వంగి ఏరాల్సిన అవసరాన్ని కూడా తగ్గిస్తుంది. గుట్ట మీద కొంత భాగంలో ఎండు దుంగలను అలాగే వదిలెయ్యడానికి పైసా ఖర్చు లేదు. వెయ్యి మొక్కలు నాటడం కంటే ఇవి తొందరగా ఫలితమిస్తాయి.

ఇంకో సహాయం ఎలుగు నుంచే అందుతుంది. అది మింగిన పళ్ళ గింజలు చాలావరకు చెక్కుచెదరకుండా మలంతో బయటపడతాయి. రేల, నేరేడు, రేగు వంటి చెట్ల గింజలను అది తల్లి చెట్టుకు దూరంగా మోసుకుపోయి వదులుతుంది. మంటలను, మేతను కొన్నేళ్ళు ఆపగలిగితే, ఎలుగు తనకు కావలసిన చెట్లను తానే కొంత నాటుకుంటుంది. పారలు పట్టే కూలీలు ఎక్కలేని బండల సందుల్లోకి కూడా ఆ గింజలు చేరతాయి.

పట్టణం చేయాల్సిన పని

కొండ మీద ఎంత తిండి పెంచినా, కింద అంతకంటే తేలిక తిండి దొరుకుతుంటే లాభం లేదు. ఎలుగు లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక గంట పుట్ట తవ్వితే దొరికేదానికంటే, పది నిమిషాలు చెత్తకుప్ప కెలికితే దొరికేది ఎక్కువ. హోటళ్ళ వెనక పారబోసే అన్నం, మిఠాయి దుకాణాల పాకం, గుళ్ళలో కొబ్బరి చిప్పలు, దీపాల నూనె దాని ముక్కుకు చాలా దూరం నుంచే తెలుస్తాయి. ఒకసారి రుచి మరిగిన తల్లి, పిల్లలనూ అదే దారిన తీసుకొస్తుంది. పిల్లలు తల్లి వెంట రెండేళ్ళ దాకా తిరుగుతాయి కాబట్టి ఈ అలవాటు తరానికి తరం నేర్చుకునేదవుతుంది.

చెత్తను కట్టడి చేస్తే ఏమవుతుందో అమెరికాలో కొలిచి చూశారు. కొలరాడో రాష్ట్రంలోని డురాంగో పట్టణంలో కొన్ని వీధులకు ఎలుగు తెరవలేని చెత్త డబ్బాలు ఇచ్చి, మరికొన్ని వీధులను మామూలుగా వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొత్త డబ్బాలు ఇచ్చిన చోట చెత్త వల్ల వచ్చే ఘర్షణలు మిగతా చోట్ల కంటే 60 శాతం తక్కువ. అక్కడి నల్ల ఎలుగు వేరే జాతి అయినా, తేలిక తిండి వెంట నడిచే బుద్ధి రెండింటిదీ ఒకటే. కాంకేర్‌లో అంత ఖరీదైన డబ్బాలు అవసరం లేకపోవచ్చు. గుట్టకు ఆనుకున్న వార్డుల్లో చెత్తను చీకటి పడకముందే ఎత్తివేయడం, గుడి నైవేద్యాలను రాత్రికి బయట ఉంచకపోవడం, ఇళ్ళ వెనక దారుల్లో లంటానా పొదలు కొట్టేసి దీపాలు పెట్టడం మునిసిపాలిటీ చేయగలిగినవే. లంటానా పళ్ళనూ ఎలుగు తింటుంది, ఆ పొదల్లోనే పగలు పడుకుంటుంది. అందువల్ల ఇంటి దగ్గరి లంటానాను తొలగించడం, కొండ అవతల మేడి మొక్క నాటినంత ముఖ్యం.

చేత్తో తిండి పెట్టడం మాత్రం ఈ పనికి పూర్తిగా వ్యతిరేకం. ఛత్తీస్‌గఢ్‌లోనే మహాసముంద్ జిల్లా బాగ్‌బహరా దగ్గర చండీమాత గుడికి ఎలుగులు ప్రసాదం కోసం వస్తాయని, భక్తులు వాటికి తినిపిస్తారని చాలామందికి తెలుసు. చూడడానికి ముచ్చటగా ఉన్నా, మనిషి వాసనకూ తిండికీ లంకె పడిన ఎలుగు మరో ఊరి చీకటి సందులో మనిషిని చూసి బెదరదు. చెట్టు నుంచి రాలిన పండుకు మనిషి వాసన ఉండదు. తిండి పెట్టడానికీ ఆవాసం పెంచడానికీ ఉన్న తేడా అది.

ఫలించిందని ఎలా తెలుస్తుంది?

మొక్కల పథకాల నివేదికల్లో సాధారణంగా నాటిన మొక్కల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకూ ఎలుగు దాడులకూ నేరుగా సంబంధం లేదు. కొలవాల్సినవి వేరు. మూడో ఏడాది వేసవి తర్వాత ఎన్ని మొక్కలు బతికాయి? మొదటి పండు ఏ ఏడు, ఏ నెలలో వచ్చింది? నాటిన చోట ఎలుగు మలంలో ఆ గింజలు కనిపిస్తున్నాయా? పట్టణంలోకి ఎలుగు వచ్చిన ఫిర్యాదులు నెలవారీగా ఎన్ని? మొక్కలు నాటిన గుట్ట పక్క వార్డుల్లోని ఫిర్యాదులను, నాటని గుట్ట పక్క వార్డులతో పోల్చి చూశారా? అడవిలో ఇప్ప బాగా పూసిన ఏడాది ఎలుగులు తక్కువ దిగితే, ఆ ఘనత పథకానికి దక్కకూడదు. పూయని ఏడాది ఎక్కువ దిగితే, ఆ నింద పథకం మీద పడకూడదు. పోలిక లేకుండా ఈ రెండూ తేలవు.

ఈ కొలతలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొన్ని కెమెరా ట్రాపులు, అటవీ గార్డు చేతిలో ఒక రిజిస్టరు, గుట్ట మీద దారులు తెలిసిన ఊరి యువకులు చాలు.

చెట్లు పెరిగేదాకా

ఈ వానాకాలం నాటిన మేడి కొమ్మ పళ్ళిచ్చేలోపు కాంకేర్‌లో ఎన్నో ఇప్ప పూల కాలాలు వచ్చిపోతాయి. ఆ నడిమి కాలంలో ప్రాణాలు కాపాడేవి చిన్న జాగ్రత్తలే. ఇప్ప పూలకు ఒంటరిగా కాక, వెలుతురు వచ్చాక నలుగురైదుగురు కలిసి వెళ్ళాలి. మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ నడవాలి. అప్పుడు ఎలుగుకు ముందే తెలిసి తప్పుకునే వీలుంటుంది. పిల్లలున్న తల్లి ఎలుగు కనబడితే ఫోన్‌తో వీడియో తీయడానికి దగ్గరికి పోకూడదు. గుంపుగా తరమకూడదు. దారి మూసేసిన ఎలుగే ఎక్కువ ప్రమాదకరం. ఎలుగు పట్టణంలో చిక్కుకుంటే జనాన్ని దూరంగా ఉంచి, అటవీ శాఖ వచ్చేదాకా దానికి కొండ వైపు దారి విడిచిపెట్టడమే మేలు.

మొక్కలు నాటడం మంచి ఆలోచనే. తిండి కొరవడే నెలలో పండే చెట్టు, ఊరికి అవతలి వాలు, పక్కనే నీళ్ళు, కాలని ఆకు దుప్పటి, కింద పట్టణంలో శుభ్రమైన వీధి అన్నీ కలిసినప్పుడే అది పని చేస్తుంది. వీటిలో చెట్టుకు పదేళ్ళు కావాలి. మిగతావాటిలో చాలావరకు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.